లాలాగూడ గేజీ, పెర్ల్ లూపూ

సికింద్రాబాద్ నుంచి తార్నాక వైపు వస్తుంటే, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దగ్గర్లోనే లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ ఉంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో దీన్ని నెలకొల్పింది. లండన్‌లో నమోదైన ఆ కంపెనీ నుంచి రైల్వే 1930లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, 1951లో భారత రైల్వేల్లో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు అందులో చేరింది. యజమానులు ఇంతమంది మారినా ఇక్కడి అసలు పని మారలేదు. తిరిగి తిరిగి అరిగిన పెట్టెలు గడువు ప్రకారం ఇక్కడికొస్తాయి. వాటిని విప్పుతారు, కొలుస్తారు, చెడినదాన్ని మారుస్తారు, మళ్లీ బిగించి పట్టాలెక్కిస్తారు. రైల్వేవాళ్లు దీన్ని పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) అంటారు. పెట్టె బయటికి వెళ్లేటప్పుడు ప్రయాణికుడికి అది పాత పెట్టెలాగే ఉండాలి. లోపల మాత్రం బాగుపడి ఉండాలి. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు రీఫ్యాక్టరింగ్ అనే పని ఈ కోవలోదే. విలియం ఆప్డైక్ 1992లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాని మీద పరిశోధన గ్రంథం రాశాడు, మార్టిన్ ఫౌలర్ 1999లో పుస్తకం వేసి లోకమంతటికీ పరిచయం చేశాడు. నడుస్తున్న ప్రోగ్రాము బయటికి చేసే పనిలో తేడా రాకుండా లోపలి కట్టడాన్ని సరిచేయడమే దాని అర్థం.

ఒకే పనిని పదిచోట్ల పదిసార్లు రాసి ఉంటే దాన్ని ఒక్కచోటికి తేవడం ఈ పనిలో అన్నిటికంటే తరచుగా వచ్చే సందర్భం. దీన్ని చాలామంది టైపు చేసే శ్రమ తగ్గించుకోవడంగా చూస్తారు. నా అభిప్రాయం వేరు. నకళ్లను ఒక్కటి చేయడంలో దక్కే లాభం తగ్గిన వరుసల్లో లేదు. ఆ నకళ్ల మధ్య నిజంగా ఏది తేడాగా ఉందో కనిపెట్టి దాన్ని విడిగా ఒక పట్టికలో పెట్టడంలో ఉంది. ఆ పట్టిక చాలాసార్లు ప్రోగ్రాము కంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఈ మాటకు రైల్వే చరిత్రలోనూ, పెర్ల్ భాష చరిత్రలోనూ, తెలుగు అక్షరం కంప్యూటర్‌లోకి వచ్చిన చరిత్రలోనూ సాక్ష్యాలున్నాయి.

రైల్వేతోనే మొదలుపెడదాం. మరమ్మతు వర్క్‌షాప్ అంటూ ఒకటి బతకాలంటే ఒక పెట్టె నుంచి తీసిన బోల్టు ఇంకో పెట్టెకు పట్టాలి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఇది లేదు. ఏ వర్క్‌షాప్ మర దానిదే. ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఉమ్మడి మరను ప్రతిపాదించాడు. ఆయన దాన్ని ఊహించి గీయలేదు. దేశంలోని ముఖ్యమైన వర్క్‌షాపుల నుంచి మర బోల్టులు పోగుచేసి, వాటిని కొలిచి, సగటు తీసి 55 డిగ్రీల కోణాన్ని ఖాయం చేశాడు. నకళ్లు ముందు పుట్టాయి, ప్రమాణం వాటిలోంచి వచ్చింది. ఈ వరుసక్రమం గుర్తుంచుకోదగ్గది. నకళ్లు లేకుండానే ముందుగా ఒక ఉమ్మడి అచ్చు తయారుచేసేవాళ్లు ఏది మారుతుందో ఊహించి రాస్తారు, ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది. ఫౌలర్ పుస్తకంలో డాన్ రాబర్ట్స్ పేరుమీద ఉన్న సలహా కూడా ఇదే దారిలో ఉంది: మొదటిసారి రాసెయ్, రెండోసారి కాస్త ఇబ్బందిపడుతూ అయినా మళ్లీ రాసెయ్, మూడోసారి ఎదురైతే ఒక్కటి చెయ్.

నిజాం రైల్వేలో ఇంకో పాఠం కూడా ఉంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చిన లైను బ్రాడ్‌గేజి, అంటే పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. ఆ తర్వాత గోదావరి లోయ మీదుగా మన్మాడ్ వైపు వేసింది మీటర్‌గేజి, 1000 మిల్లీమీటర్లు. రెండు లైన్ల మీదా నడిచేది చక్రమే. చక్రం అంచుకు పట్టా తప్పకుండా ఒక కట్టు ఉండాలన్న సూత్రం రెండింటికీ ఒక్కటే, చక్రాల మధ్య దూరం మాత్రం వేరు. సూత్రం ఒక్కటే కదా అని దూరాన్ని కూడా ఒక్కటి అనుకుంటే బండి పట్టా దిగుతుంది. దూరం వేరు కదా అని సూత్రాన్నే రెండుసార్లు కనిపెట్టడం దండగ. ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒకసారి చెప్పి, మారేదాన్ని అంకెగా పక్కన పెట్టుకోవడమే తెలివైన పని. భారతదేశం పట్టాల తేడాను తీసేయడానికి 1992లో యూనిగేజి పథకం మొదలుపెట్టాల్సి వచ్చింది. కొన్ని తేడాలు కాగితం మీద కొట్టేస్తే పోవు, వాటికి దశాబ్దాల ఖర్చు ఉంటుంది.

కంప్యూటర్ల కాలానికి వస్తే, సికింద్రాబాద్‌లోనే ఇంకా సూటిగా సరిపోయే ఉదాహరణ ఉంది. సీఎంసీ అనే కంప్యూటర్ సంస్థ తయారుచేసిన ఇంప్రెస్ అనే రిజర్వేషన్ ప్రోగ్రాము 1985లో ఢిల్లీలో మొదలై 1980ల చివరికల్లా ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లకు చేరింది. అయిదు కేంద్రాలు, అయిదు వేర్వేరు వ్యవస్థలు. ఏ కేంద్రం బళ్ల లెక్క ఆ కేంద్రం దగ్గరే. సికింద్రాబాద్ కౌంటర్లో కూర్చున్న గుమస్తా హౌరా నుంచి బయల్దేరే బండిలో బెర్తు నేరుగా ఇవ్వలేకపోయేవాడు. అయిదింటినీ కలిపే కాన్సర్ట్ అనే ప్రోగ్రామును రైల్వే సమాచార సంస్థ క్రిస్ రాసింది. అది 1994లో మొట్టమొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒకే వలలోకి వచ్చాయి. అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లలోనూ టికెట్ల అమ్మకం సాగుతూనే ఉంది. నడుస్తున్నదాన్ని నడిపిస్తూనే లోపల మార్చడం ఎంత ఓపికతో కూడిన పనో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఇంప్రెస్ రాసినవాళ్లను తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. ఊళ్ల మధ్య నమ్మదగిన లైన్లు దొరకని రోజుల్లో అయిదు విడి వ్యవస్థలు పెట్టడమే సరైన నిర్ణయం, ఆ అయిదూ పనిచేసి చూపించాయి కాబట్టే ఆరోదాన్ని ఎలా కట్టాలో తెలిసింది.

కాన్సర్ట్ సికింద్రాబాద్‌లో అమలైన ఆ 1994లోనే, అక్టోబరు నెలలో, పెర్ల్ అయిదో రూపం వెలువడింది. లారీ వాల్ 1987 డిసెంబరులో విడుదల చేసిన ఈ భాష మొదట్లో ఫైళ్లలోంచి కావలసిన సమాచారం ఏరి నివేదికలు తీయడానికి పుట్టింది. వెబ్ వచ్చాక దాని జాతకం మారిపోయింది. 1993లో సర్వర్లకు సీజీఐ అనే పద్ధతి ఏర్పడింది: బ్రౌజర్ అడిగినప్పుడల్లా సర్వర్ ఒక చిన్న ప్రోగ్రామును నడుపుతుంది, ఆ ప్రోగ్రాము అచ్చువేసిందే పేజీగా వెళుతుంది. అక్షరాలతో ఆడుకోవడంలో పెర్ల్‌ను మించింది అప్పట్లో లేదు కాబట్టి ఆ చిన్న ప్రోగ్రాములు ఎక్కువగా పెర్ల్‌లోనే వచ్చాయి. వాటిలో ఒక అలవాటు బాగా పెరిగింది. వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్‌లో ప్రతి ట్యాగుకూ ఒక సబ్‌రొటీన్, అంటే పేరుపెట్టి పిలవగల ప్రోగ్రాము ముక్క. పేరాకు ఒకటి, బొద్దు అక్షరాలకు ఒకటి, పట్టికలో గడికి ఒకటి. ప్రతిదీ ఇచ్చిన మాటలకు ముందు తెరిచే ట్యాగు, వెనుక మూసే ట్యాగు తగిలించి తిరిగిచ్చేది. అన్నీ ఒకేలాంటివి, ట్యాగు పేరొక్కటే తేడా.

ఈ సమస్యకు పెర్ల్ భాష సొంత పత్రాల్లోనే ఒక చక్కటి పరిష్కారం ఉంది. రిఫరెన్సులను వివరించే పెర్ల్‌రెఫ్ అనే భాగంలో రంగుల ఉదాహరణ ఒకటి కనిపిస్తుంది. రెడ్, బ్లూ, గ్రీన్, యెల్లో, ఆరెంజ్, పర్పుల్, వయొలెట్ అనే ఏడు రంగులకు ఏడు సబ్‌రొటీన్లు కావాలి. ప్రతిదీ ఇచ్చిన మాటల చుట్టూ ఆ రంగు ఫాంట్ ట్యాగును చుట్టాలి. చేత్తో రాస్తే ఏడు సబ్‌రొటీన్లు. ఆ పత్రం అలా రాయదు. ఏడు పేర్లనూ ఒక జాబితాలో పెట్టి, లూపు ఒక్కో పేరును అందుకున్నప్పుడల్లా పేరులేని ఒక సబ్‌రొటీన్‌ను పుట్టిస్తుంది. పుట్టిన క్షణంలో తన పక్కనున్న పేరును ఆ సబ్‌రొటీన్ గుర్తుపెట్టుకుంటుంది. క్లోజర్ అంటే ఇదే, పెర్ల్ 5 తెచ్చిన కొత్త శక్తుల్లో ఇదొకటి. తర్వాత ఆ సబ్‌రొటీన్‌ను ప్రోగ్రాము పేర్ల పట్టికలో అదే రంగు పేరుమీద, పెద్దక్షరాల రూపంలో ఇంకోసారి, నమోదు చేస్తుంది. లూపు పూర్తయ్యేసరికి ఏడు సబ్‌రొటీన్లూ ఎవరో కూర్చుని విడివిడిగా రాసినట్టే నిలబడి ఉంటాయి. వాటిని పిలిచేవాడికి తేడా తెలియదు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. లూపులోని పేరు ఆ లూపుకే సొంతమైన చలరాశిగా ఉండాలి. లేకపోతే ఏడు సబ్‌రొటీన్లూ ఒకే పేరును పంచుకుంటాయి. పేర్లను అక్షరాల ద్వారా పట్టికలోకి ఎక్కించడం పెర్ల్ కట్టుదిట్టమైన నిబంధనల్లో నిషేధం కాబట్టి, ఆ నిబంధనను ఆ లూపు మేరకే సడలించాలి, ఫైలంతటికీ కాదు.

ఇదే ఆలోచనను లింకన్ స్టైన్ ఇంకా పెద్ద ఎత్తున అమలు చేశాడు. జన్యువుల పరిశోధనలో పనిచేస్తున్న ఆయన 1995లో సీజీఐ డాట్ పీఎం అనే మాడ్యూల్ విడుదల చేశాడు. దాదాపు హెచ్‌టీఎంఎల్ ట్యాగులన్నింటికీ అందులో ఫంక్షన్లున్నాయి, వాటిలో చాలావరకు విడిగా రాసినవి కావు, పేర్ల జాబితాల నుంచి పుట్టేవి. అవి కూడా అడిగినప్పుడే పుట్టేవి. కారణం ఉంది: సీజీఐ పద్ధతిలో ప్రతి పేజీకీ పెర్ల్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, వాడని వంద ఫంక్షన్లను ప్రతిసారీ సిద్ధం చేయడం సర్వర్‌కు భారం. ఆ మాడ్యూల్లో తేడాలను దాచకుండా ఒప్పుకున్న తీరు నాకు బాగా నచ్చుతుంది. పట్టికలో వరుసకు హెచ్‌టీఎంఎల్ ట్యాగు టీఆర్. కానీ పెర్ల్‌లో టీఆర్ అనేది అక్షరాలను మార్చే సొంత ఆపరేటర్, ఆ పేరుతో ఫంక్షన్ పెట్టలేం. అందుకే దానికి మొదటి అక్షరం పెద్దది చేసి వేరే పేరిచ్చారు. సెలెక్ట్, లింక్, సబ్ లాంటి పేర్లకూ అదే చికిత్స. పైకి ఒకేలా కనిపించేవాటిలో ఒకటి రెండు ఒదగనప్పుడు, వాటికోసం అందరినీ వంచకుండా వాటిని మినహాయింపుగా పేరుపెట్టి చూపించడం నిజాయితీ గల పద్ధతి. 1997లో పెర్ల్ 5.004తో ఆ మాడ్యూల్ పెర్ల్‌తోపాటే అందరికీ అందింది.

ఒక్కచోటికి తేవడం వల్ల దక్కేదేమిటో ఆ తర్వాతి సంవత్సరాల్లో రెండుసార్లు గట్టిగా రుజువైంది. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 ఫాంట్ ట్యాగును వాడొద్దని సూచించింది, రంగుల బాధ్యతను స్టైల్ షీట్లకు అప్పగించింది. ఏడు సబ్‌రొటీన్లు చేత్తో రాసుకున్నవాడు ఏడుచోట్ల దిద్దాలి, ఒకటి మరిచిపోతే ఆ తప్పు ఎప్పటికో బయటపడుతుంది. లూపు రాసుకున్నవాడికి ఒకే వరుస. రెండోది ఇంకా తీవ్రమైనది. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో కంప్యూటర్ భద్రతను చూసే సెర్ట్ కేంద్రం ఒక హెచ్చరిక జారీచేసింది: బ్రౌజర్ నుంచి వచ్చిన మాటలను శుద్ధి చేయకుండా అలాగే పేజీలో అచ్చువేస్తే, అందులో దాగిన ట్యాగుల ద్వారా దుండగులు ఇంకొకరి బ్రౌజర్లో తమ స్క్రిప్టు నడిపించగలరు. దీనికి మందు చిన్నదే. చిన్నదన్న గుర్తు, పెద్దదన్న గుర్తు, ఆంపర్‌సాండ్, కోట్ గుర్తు, ఇవి పేజీలోకి వెళ్లేముందు వాటి మారురూపాల్లోకి మార్చాలి. మందు చిన్నదైనా మాటలు పేజీలోకి వెళ్లే దారులు ఎన్నుంటే అన్నిచోట్లా వేయాలి, ఒక్క దారి వదిలేస్తే మిగతావి మూసిన శ్రమంతా వృథా. నలభై సబ్‌రొటీన్లు విడివిడిగా ఉన్నచోట నలభై దారులు. అచ్చు ఒక్కటే ఉంటే ఒకే దారి. నకళ్ల గురించి ఇది రుచి అభిరుచుల తగువు కాదని, జనం భద్రతకు సంబంధించినదని ఆ హెచ్చరిక తర్వాత ఒప్పుకోక తప్పదు.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది చదవడం గురించి. రెడ్ అనే సబ్‌రొటీన్ ఎక్కడుందో వెతికితే ఫైల్లో ఆ పేరుతో నిర్వచనం ఎక్కడా దొరకదు, అది లూపులో పుట్టింది కాబట్టి. ప్రోగ్రాము కూలిపోయినప్పుడు పెర్ల్ చూపించే జాడలో కూడా అసలు పేరు బదులు అనామకమన్న గుర్తే కనిపిస్తుంది. కొత్తగా చేరిన ఇంజనీరు అర్ధరాత్రి తప్పు వెతుకుతున్నప్పుడు ఇది నిజమైన కష్టం. పేర్ల జాబితాను ఫైలు పైభాగాన అందరికీ కనిపించేలా పెట్టి, ఈ పేర్లన్నీ కింది లూపులో పుడతాయని రెండు వరుసల వ్యాఖ్య రాస్తే ఆ కష్టం చాలావరకు పోతుంది. అనామక సబ్‌రొటీన్లకు పేరు తగిలించే మాడ్యూళ్లు కూడా పెర్ల్ మాడ్యూళ్ల భండారమైన సీపాన్‌లో ఉన్నాయి. అయినా మూడే మూడు ట్యాగులు వాడే చిన్న ప్రోగ్రాములో ఈ తతంగమంతా అనవసరమే. అక్కడ మూడు సబ్‌రొటీన్లు రాసి ఊరుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది: ఒకేలా కనిపించేవన్నీ ఒకటి కావు. బొమ్మకు, గీతకు, వరుస విరుపుకు వాడే ట్యాగులకు మూసే ట్యాగు ఉండదు. ఎంపికల పెట్టెలో లోపల మళ్లీ ఎంపికలుంటాయి. ఇవన్నీ ఒకే అచ్చులో పోయాలని పట్టుబడితే, అచ్చుకు ఒక షరతు, ఆ షరతుకు ఒక మినహాయింపు, ఆ మినహాయింపుకు ఇంకో జెండా చేరుతూ పోయి చివరికి అచ్చు చదవడం నలభై నకళ్లు చదవడం కంటే కష్టమవుతుంది. ఇది జరుగుతుంది, పేరున్న కంపెనీల్లోనూ జరుగుతుంది. కానీ తప్పు కలపడంలో లేదు, తేడాను సరిగ్గా చదవకపోవడంలో ఉంది. మూసే ట్యాగు లేనివి ఒక జాబితా, ఉన్నవి ఇంకో జాబితా, రెండింటికీ రెండు చిన్న అచ్చులు. ఎంపికల పెట్టెకు మామూలుగా చేత్తో రాసిన సబ్‌రొటీన్. బ్రాడ్‌గేజికీ మీటర్‌గేజికీ ఒకే ఇరుసు బిగించాలని రైల్వే ఇంజనీర్లెవరూ పట్టుబట్టలేదు.

మూడోది చరిత్ర నుంచే వచ్చే అభ్యంతరం. ఇంత గొప్పగా చెప్పుకున్న సీజీఐ డాట్ పీఎం 2015లో పెర్ల్ 5.22 వచ్చేసరికి పెర్ల్ వెంట ఇచ్చే మాడ్యూళ్లలోంచి తొలగిపోయింది. దానిలోని హెచ్‌టీఎంఎల్ ఫంక్షన్లను ఇక వాడొద్దని దాని పత్రాలే చెబుతున్నాయి. అంత శ్రమపడి కట్టిన అచ్చు పక్కకు పోయిందంటే ఆ పని వృథా అన్నట్టేగా అని అడగవచ్చు. జరిగింది చూస్తే అది ఓటమి కాదు, అదే పద్ధతి ఇంకో మెట్టు ఎక్కడం. వెబ్‌సైట్లు పెరిగాక పేజీ రూపం దిద్దేవాళ్లు, ప్రోగ్రాము రాసేవాళ్లు వేరయ్యారు. ఒక బొద్దు అక్షరం మార్చాలన్నా ప్రోగ్రామరు దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చింది. అప్పుడు తేలింది: పేజీల మధ్య మారేది ట్యాగు పేరు కాదు, పేజీలోకి వచ్చే సమాచారం. ట్యాగులన్నీ పేజీ రూపానికి చెందిన ఉమ్మడి భాగమే. అందుకే 1990ల చివర్లో మేసన్, ఆండీ వార్డ్‌లీ టెంప్లేట్ టూల్‌కిట్ లాంటివి వచ్చి హెచ్‌టీఎంఎల్‌ను ప్రోగ్రాము నుంచి బయటికి తీసి విడి ఫైళ్లలో పెట్టాయి. ట్యాగుల అచ్చుతో కొన్నేళ్లు పనిచేయకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇదంతా మన అక్షరానికి ఎలా తగిలిందో చెప్పకపోతే వాదన సగమే. హెచ్‌టీఎంఎల్ 4.0 వద్దన్న ఆ ఫాంట్ ట్యాగే అక్షరాలను ఏ ఫాంటులో చూపాలో కూడా చెప్పేది; తెలుగు వెబ్‌కు చాలాకాలం అదే ఊపిరి. లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మామూలు కంప్యూటర్లకు అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు వచ్చాకే. ఈలోపు చాలా పత్రికలు తమ సొంత ఫాంట్లు చేయించుకున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలుండాల్సిన గళ్లలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు, విడి ముక్కలుగా కొలువుతీరాయి. ఏ గడిలో ఏ ముక్క అన్నది ఫాంటు గీసినవాడి ఇష్టం. ఈనాడు ఫాంటులో ఒక వరస, వార్త ఫాంటులో ఇంకో వరస. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ తెరిస్తే అర్థంలేని గుర్తులు. గూగుల్‌లో వెతికితే దొరకదు, ఎందుకంటే లోపలున్నది తెలుగే కాదు.

దీన్ని యూనికోడ్‌లోకి మార్చాలంటే ఫాంటుకొక మార్పిడి ప్రోగ్రాము రాయడం మొదటి ఆలోచన. అలా రాస్తే ప్రతిదానిలోనూ తెలుగు లిపి సూత్రాలన్నీ మళ్లీ మళ్లీ రావాలి. హల్లు ముందొస్తుంది, గుణింతపు గుర్తు తర్వాత. ఒత్తు కంటికి కిందో పక్కనో కనిపించినా యూనికోడ్‌లో హల్లుకూ గుణింతానికీ నడుమ పొల్లుతో కలిసి కూర్చోవాలి. క్ష అంటే క, పొల్లు, ష. య, మ, ఘ లాంటి అక్షరాల దగ్గర కొమ్ము ఆకారం వేరే అర్థం ఇస్తుంది. వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం రాసిన పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఈ చిక్కును విడదీసింది. తెలుగు లిపి సూత్రాలు ఉమ్మడిగా ఒకచోట, ఏ గడిలో ఏ ముక్క ఉందన్న పట్టికలు ఫాంటుకొకటి విడిగా. కొత్త పత్రిక కొత్త ఫాంటుతో వస్తే చేయాల్సింది కొత్త పట్టిక రాయడమే. రంగుల జాబితా, ట్యాగుల జాబితా చేసిన పనే ఇది, కాకపోతే దీనివల్ల చదవలేని తెలుగు చదవగలిగేది అయింది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు సొంతూరి పత్రికను ఫాంటు దిగుమతి చేసుకోకుండా చదవగలిగారు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది, పద్మ లాంటివి ఆ బ్రౌజర్లో నడవకుండా పోయాయి. పట్టికలకు మాత్రం ఆ ముప్పు లేదు. ఈ గడిలో ఈ ముక్క అన్న జాబితాను పెర్ల్‌లో చదవవచ్చు, పైథాన్‌లో చదవవచ్చు, రేపు పుట్టే భాషలో చదవవచ్చు. సూత్రాలు రాసిన భాగం పాతబడితే ఎవరైనా మళ్లీ రాయగలరు, ఎందుకంటే తెలుగు లిపి ఎలా నడుస్తుందో పుస్తకాల్లో ఉంది. మూతపడిన పత్రిక వాడిన ఫాంటులో ఏ గడిలో ఏ ఒత్తు ఉందో ఏ పుస్తకంలోనూ లేదు. 1990ల చివర, 2000ల మొదట తెలుగులో వెబ్ మీద, పత్రికాఫీసుల డిస్కుల మీద రాసినదాంట్లో చాలాభాగం ఆ పాత ఫాంట్లలోనే ఉంది. తార్నాక చుట్టుపక్కల ఉస్మానియాలోనూ ఇఫ్లూలోనూ భాషాశాస్త్రం చదివేవాళ్లున్నారు, ఆ పక్కనే ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో పాత ఫాంటు తీసుకుని దాని పట్టికను శుభ్రంగా, ప్రోగ్రాముతో కలపకుండా విడిగా రాసి అందరికీ అందుబాటులో పెట్టండి. ఆ ఫాంట్లు ఇంకా తెరుచుకునే కంప్యూటర్లు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.